కడుపునకు కలతకు గల చుట్టరికము

తెలుగువారి పలుకుబడులలో కడుపునకు ఉన్న ప్రతిష్ఠ మరియొక అవయవమునకు లేదు. బిడ్డను కోల్పోయిన తల్లి దుఃఖమును కడుపుకోత అందుము. ఓర్వలేనితనమును కడుపుమంట అందుము. మేలు చేసినవారిని నీ కడుపు చల్లగా ఉండవలెనని దీవింతుము. తప్పు చేసినవాడు ఈ మాట కడుపులో పెట్టుకొనుమని వేడుకొనును. ఆందోళన కలిగినపుడు కడుపులో దేవినట్లున్నదని చెప్పుట మనకు పరిపాటి. ఈ మాటలను వాడుకలోనికి తెచ్చిన పెద్దలు శరీరశాస్త్రము చదివినవారు కారు. అయినను, మనస్సు కలగినపుడు ఆ సంగతి మొదట తెలియునది కడుపుననే యని వారెరుగుదురు.

ఇంతకును ఆ కలతవేళ శరీరమున ప్రవహించు హార్మోనులు ఎచట పుట్టును? పాఠ్యపుస్తకములలో దీనికి సిద్ధముగా ఒక సమాధానము కలదు: మూత్రపిండములపై టోపీలవలె అమరియున్న అడ్రినల్ గ్రంథులలో. ఈ సమాధానము తప్పు కాదు. కాని పూర్తియైనది కాదు. రక్తమునందును ప్రేగుగోడలయందును కాపలా తిరుగు రక్షకకణములు సైతము అటువంటి హార్మోనులను పుట్టించి విడువగలవనియు, ప్రేగులలో కాపురమున్న సూక్ష్మజీవుల ప్రభావము ఆ విడుదలపై ఉండుననియు గడచిన ఏబది సంవత్సరములలో క్రమక్రమముగా బయల్పడినది. ఇది ఒక్క దినమున ఒక్కరు కనుగొన్నది కాదు. మూడు వేరువేరు శాస్త్రములు, ఒకదాని మాట మరియొకటి వినకయే చాలకాలము నడచి, కడకు ఒకచోట కలిసికొన్న కథ ఇది. ఆ నడకలో గొప్ప ఊహలు ఉన్నవి. ఘోరమైన పొరపాట్లును ఉన్నవి. పొరపాట్లు విద్వాంసులవి, వాని మూల్యము చెల్లించినవారు రోగులు. కావుననే ఈ చరిత్రను కొంత వివరముగా చెప్పదలచితిమి.

ఉదరమునకు తెరచిన కిటికీ

1822 జూన్ 6వ తేదీన, అమెరికా ఉత్తర సరిహద్దునందలి మాకినాక్ దీవిలో, బొచ్చుతోళ్ల వర్తకపు కంపెనీ కొలువులోనున్న అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అను యువకునకు ప్రమాదవశమున తుపాకి గుండు తగిలెను. సైనిక వైద్యుడు విలియం బోమాంట్ అతనిని బ్రతికించెను గాని, గాయము పూర్తిగా పూడలేదు. కడుపునకు బయటినుండి ఒక రంధ్రము మిగిలిపోయెను. బోమాంట్ ఆహారపు ముక్కలను దారమునకు కట్టి ఆ రంధ్రముగుండ లోనికి వదలి, మరల వెలికితీసి, జీర్ణమగు తీరును సంవత్సరముల తరబడి గమనించెను. 1833లో తన పరిశీలనలను గ్రంథముగా ప్రకటించెను. రోగి కోపముతో నున్నపుడు కడుపులోని పని చెడుచుండుటను ఆయన అందు వ్రాసియుంచెను. కోపము కడుపును మార్చునన్న మాట అంతకుముందును లోకమున ఉన్నది. దానిని కన్నులార చూచినవాడు మాత్రము ఈయనయే.

సెయింట్ మార్టిన్ పేదవాడు, చదువు లేనివాడు. తన దేహము పరుల పరిశీలనకు తెరచిన పుస్తకమువలె అగుట అతనికి నచ్చలేదు. పలుమారులు వైద్యుని విడిచి వెళ్లిపోయెను. 1880లో అతడు చనిపోయినపుడు, వైద్యులు శవమును కోరుదురను శంకతో కుటుంబమువారు లోతైన గోతిలో పూడ్చిపెట్టిరి. శాస్త్రజ్ఞానము ఎవరి దేహమునుండి వచ్చుచున్నదో మరువరాదని ఈ ఉదంతము మొదటనే మనలను హెచ్చరించుచున్నది.

ఎక్స్‌రే కిరణములు వెల్లడియైన మరుసటి సంవత్సరమే, అనగా 1896లో, హార్వర్డు విశ్వవిద్యాలయమున వైద్యవిద్యార్థిగా నున్న వాల్టర్ కానన్ ఆ కిరణముల సాయమున జంతువుల జీర్ణకోశపు కదలికలను చూడ మొదలిడెను. పిల్లి ప్రశాంతముగా నున్నంతసేపు కడుపుగోడపై అలలు వరుసగా సాగుచుండెను. పిల్లి బెదరినను, కోపించినను ఆ అలలు తటాలున ఆగిపోవుచుండెను. నెమ్మదించిన పిమ్మట మరల మొదలగుచుండెను. ఈ చిన్న పరిశీలనయే కానన్‌ను జీవితాంతము నడిపించెను. అంతకుముందే 1894లో ఆలివర్, షేఫర్ అను ఇంగ్లండు వైద్యులు అడ్రినల్ గ్రంథుల సారము రక్తపుపోటును పెంచునని చూపియుండిరి. 1901లో జపానునుండి అమెరికాకు వచ్చి స్థిరపడిన తకమీనె జోకిచి ఆ సారమును శుద్ధమైన స్ఫటికములుగా రాబట్టిన సంగతిని ప్రకటించి, అడ్రినలిన్ అని పేరిడెను. ఆపద ఎదురైన ప్రాణి పోరాడుటకో పారిపోవుటకో దేహమంతటిని సిద్ధపరచునది ఈ రసమేయని కానన్ 1915లో వెలువరించిన గ్రంథమున ప్రతిపాదించెను.

ఒత్తిడి అను మాటకు శాస్త్రమున స్థానము కల్పించినవాడు వియన్నాలో జన్మించి కెనడాలో పనిచేసిన హాన్స్ సెల్యే. 1936 జూలైలో ఆయన నేచర్ పత్రికలో ఒక చిన్న లేఖ ప్రచురించెను. ఎలుకలను చలిలో ఉంచినను, గాయపరచినను, విషము కొద్దిగా ఎక్కించినను, మితిమీరి శ్రమపెట్టినను, వాని దేహములలో ఒకే తీరు మార్పులు మూడు కనబడినవి. అడ్రినల్ గ్రంథులు ఉబ్బినవి. రొమ్ములోని థైమస్ గ్రంథియు శోషరస గ్రంథులును కృశించినవి. కడుపులోను ప్రేగులలోను పుండ్లు పడినవి. ఒకటి హార్మోనులకు, రెండవది రోగరక్షణకు, మూడవది జీర్ణమార్గమునకు సంబంధించినది. నేడు తిరిగి చదువగా, మన కథలోని ముప్పేట త్రాడు ఆ లేఖలోనే కలదని తోచును. ఆనాడు మాత్రము ఆ పేటలను విడివిడిగానే చూచిరి.

1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో వైద్యశాలలో ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు కీళ్లవాతముతో కదలలేకయున్న ఒక స్త్రీకి అడ్రినల్ గ్రంథినుండి కెండాల్ వేరుచేసిన కార్టిజోన్ ఇచ్చెను. కొద్ది దినములలోనే ఆమె లేచి నడచెను. కెండాల్, హెంచ్, రైఖ్‌స్టైన్ అను మువ్వురకు 1950లో నోబెల్ బహుమతి లభించెను. ఒత్తిడివేళ వెలువడు హార్మోను జాతి రక్షకకణముల ఆగ్రహమును చల్లార్చునని దీనితో స్పష్టమయ్యెను. మెదడు అడుగుననున్న హైపోథాలమస్ పిట్యూటరీకి ఆజ్ఞ ఇచ్చుననియు, పిట్యూటరీ ఏసీటీహెచ్ అను దూతను రక్తమున పంపుననియు, ఆ దూత మాట విని అడ్రినల్ గ్రంథి కార్టిసాల్‌ను విడుచుననియు ఒక్కొక్క మెట్టుగా తేలినది. ఈ వరుసలో మొదటి ఆజ్ఞయగు సీఆర్‌హెచ్‌ను, లక్షలకొలది గొర్రెల మెదళ్ల భాగములను వడగట్టి, 1981లో వైలీ వేల్ బృందమువారు గుర్తించిరి. అది 41 అమైనో ఆమ్లముల గొలుసు. ఇట్లు ఒత్తిడి హార్మోనుల రాజ్యము సంపూర్ణముగా చిత్రింపబడినదని అందరును తలచిరి: రాజు మెదడు, మంత్రి పిట్యూటరీ, సేనాని అడ్రినల్. ఈ రాజ్యమున ప్రేగులకును, వానిలోని జీవులకును చోటు లేదు.

ప్రేగులలోని ప్రజ

హాలెండు దేశపు డెల్ఫ్ట్ పట్టణమున బట్టల వర్తకుడగు లేవెన్‌హుక్, 1683లో తన పండ్ల పాచిని సొంతముగా చేసికొన్న భూతద్దముక్రింద నుంచి, అందు కదలాడు అతిసూక్ష్మ ప్రాణులను వర్ణించి లండను రాయల్ సొసైటీకి వ్రాసెను. మనుష్యుడు ఒంటరిగా జీవించుట లేదను ఎరుక అచటనే మొదలైనది. రెండు శతాబ్దముల తరువాత, 1885లో, థియోడర్ ఎషెరిఖ్ అను శిశువైద్యుడు పసిపిల్లల మలమునుండి నేడు ఆయన పేరనే పిలువబడు ఈ.కోలై సూక్ష్మజీవిని వేరుచేసెను. అదే సంవత్సరమున లూయీ పాశ్చర్, సూక్ష్మజీవులు లేనిదే జంతువునకు జీవనము సాధ్యము కాదేమోయని అనుమానించెను. సుమారు పదేండ్లకు బెర్లినులో నట్టల్, థీర్‌ఫెల్డర్ అను వారు సూక్ష్మజీవి సోకని గినీపందులను కొన్నిదినములు పెంచి, బ్రతుకుట సాధ్యమే యని చూపిరి. కాని బ్రతుకుట వేరు, బాగుగా బ్రతుకుట వేరు. ఆ భేదము తెలియుటకు మరియొక నూరేండ్లు పట్టెను.

ఈ కాలముననే ప్రేగుల జీవులకు లోకప్రసిద్ధి కలిగించినవాడు రష్యా సామ్రాజ్యమునుండి వచ్చి పారిస్ పాశ్చర్ సంస్థలో పనిచేసిన ఎల్యా మెచ్నికాఫ్. నక్షత్రపు చేప పిల్లలో గుచ్చిన ముల్లును కొన్ని కణములు చుట్టుముట్టుటను 1882లో మెసీనాలో చూచి, దేహమున మ్రింగుడు కణములు కావలికాయుచున్నవని చాటినవాడును ఈయనయే. దానికే 1908లో నోబెల్ బహుమతి పంచుకొనెను. ముసలితనమునకు మూలము పెద్దప్రేగులో కుళ్లు పుట్టించు సూక్ష్మజీవుల విషమనియు, పులిసిన పాలలోని జీవులు దానిని అరికట్టుననియు ఆయన నమ్మెను. బల్గేరియా పల్లెవాసుల దీర్ఘాయువును ఉదాహరించి, తాను నిత్యమును పులిసిన పాలు త్రాగుచుండెను. మన ఇండ్లలో రాత్రి పాలకు తోడువేసి తెల్లవారునప్పటికి పెరుగు తీయు ఇల్లాలు, ఆయన పుట్టకమునుపే అటువంటి జీవులను ప్రేమతో పెంచుచుండెను. కాని ఆమె దానిని ఆయుష్షు పెంచు మందని చెప్పి అమ్మలేదు. మెచ్నికాఫ్ 71వ ఏట, 1916లో మరణించెను.

ఊహ ఊహగా నున్నంతవరకు ముప్పు లేదు. అది కత్తి పట్టినపుడే ముప్పు. ప్రేగులలోని విషమే సకలరోగములకు మూలమన్న సిద్ధాంతమును పట్టుకొని, లండనులో సర్ ఆర్బుత్‌నాట్ లేన్ అను శస్త్రవైద్యుడు మలబద్ధకమునకే పెద్దప్రేగును కోసి తీయజొచ్చెను. అంతకు మించినది అమెరికాలోని ట్రెంటన్ మానసిక చికిత్సాలయపు ఉదంతము. అచటి అధిపతి హెన్రీ కాటన్, ఉన్మాదము దేహమున దాగిన సూక్ష్మజీవుల విషమువలననే కలుగునని నిశ్చయించి, రోగులకు పండ్లు ఊడబెరికించెను, టాన్సిల్సు తీయించెను, అంతటితో ఆగక పెద్దప్రేగులు కోయించెను. ప్రేగు కోయించుకొన్నవారిలో నూటికి ముప్పదిమందికి తక్కువ కాకుండ చనిపోయిరి. వారిలో పెక్కుమందికి తమ సమ్మతిని తెలుపు శక్తియే లేదు. 1924 మొదలు ఫిలిస్ గ్రీనేకర్ అను వైద్యురాలు ఆ చికిత్సా ఫలితములను ఓపికతో పరిశీలించి, చాటింపబడిన స్వస్థతలు నిజముకావని నివేదిక సిద్ధపరచెను. ఆ నివేదికను పెద్దలు ప్రకటింపక దాచిరి. కాటన్ 1933లో మరణించెను. అప్పటికి వందలమంది దేహములు ఛిద్రమైనవి.

ఈ దారుణమునకు ప్రతిక్రియగా, ప్రేగులకు మనస్సునకు సంబంధమున్నదని పలుకుటయే విద్వాంసులకు నామోషీ అయ్యెను. అబద్ధముతోపాటు దానిలో చిక్కుకొన్న నిజపు గింజయు పారవేయబడినది. పొరపాటువలన కలుగు రెండవ నష్టము ఇదియే.

ఆ నడుమ ఒక ఉపయోగకరమైన పనిముట్టు నిశ్శబ్దముగా తయారగుచుండెను. అమెరికాలోని నోటర్‌డేమ్ విశ్వవిద్యాలయమున జేమ్స్ రేనియర్స్ 1928 ప్రాంతమునుండి, గాలియు నీరును ఆహారమును శుద్ధిచేసిన ఉక్కు గదులలో సూక్ష్మజీవి స్పర్శ లేని జంతువులను తరతరములుగా పెంచు విధానమును సాధించెను. అట్టి జంతువులకు శోషరస గ్రంథులు సన్నగిల్లియుండెను. రక్షణశక్తి పసితనముననే నిలిచిపోయినట్లుండెను. మరియొక పనిముట్టు బహువిధ సూక్ష్మజీవులను చంపు మందులు. వానిలో పేరెన్నికగన్న ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలనుండి వెలువడెను. నేలలోని సూక్ష్మజీవినుండి దానిని రాబట్టినవాడు బెంజమిన్ డగ్గర్; ఆ ప్రయోగశాలలో పరిశోధనలకు నిర్దేశకుడు భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు. లెక్కలేని ప్రాణములను నిలిపిన ఈ జాతి మందులు రోగక్రిములతోపాటు ప్రేగులలోని నెమ్మదస్తులను సైతము చంపుననుట తరువాతి కాలమున తెలిసినది.

రక్షకకణములు నోరు విప్పుట

1975వ సంవత్సరము ఈ చరిత్రలో ఒక మలుపు. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయమున రాబర్ట్ ఏడర్, నికొలస్ కోహెన్ అనువారు ఎలుకలకు సాకరిన్ కలిపిన తీయని నీటితోపాటు రక్షణశక్తిని తగ్గించు మందు ఒకటి ఇచ్చిరి. పిమ్మట మందు మానివేసి తీయని నీటినే ఇచ్చినను రక్షణశక్తి తగ్గెను. దేహరక్షణ నేర్చుకొనగలదు; మెదడు మాట వినగలదు. అదే సంవత్సరమున స్విట్జర్లండులో హ్యూగో బెసెడోవ్‌స్కీ బృందము దీనికి ఎదురుదారి చూపెను. దేహమున రక్షకకణములు క్రొత్త శత్రువుతో పోరాడుచున్నపుడు రక్తమున ఒత్తిడి హార్మోను పెరుగుచున్నది. అనగా, కణములు వినుటయే కాదు, పలుకుచును ఉన్నవి.

ఏమని పలుకుచున్నవి? దీనికి అందరిని నివ్వెరపరచిన సమాధానము టెక్సాసునుండి వచ్చెను. 1980, 1981 సంవత్సరములలో ఎడ్విన్ బ్లేలాక్, ఎరిక్ స్మిత్ అనువారు, వైరస్ సోకిన తెల్ల రక్తకణములు పిట్యూటరీ గ్రంథి సొత్తని భావింపబడిన ఏసీటీహెచ్‌ను పోలిన పదార్థమును తామే తయారుచేయుచున్నవని ప్రకటించిరి. 1985లో బాక్టీరియా గోడనుండి తీసిన ఎండోటాక్సిన్ తగిలినను తెల్లకణములు అట్లే చేయుచున్నవని వారి బృందము వ్రాసెను. సూక్ష్మజీవి పదార్థము, రక్షకకణము, ఒత్తిడి హార్మోను, ఈ మూడును ఒకే వాక్యమున చేరుట బహుశః అదే మొదలు. మనకున్న పంచేంద్రియములు కనలేని శత్రువును కనిపెట్టి మెదడునకు తెలుపుటచే, రక్షణవ్యవస్థ ఆరవ ఇంద్రియము వంటిదని బ్లేలాక్ 1984లో వాదించెను.

వాదము ఘనమైనది, ఋజువు మాత్రము అంత ఘనముగా నిలువలేదు. పిట్యూటరీ గ్రంథి తీసివేసిన ఎలుకలలో సైతము వైరస్ సోకగానే ఒత్తిడి హార్మోను పెరిగినదని ఆ పరిశోధకులు 1982లో చెప్పియుండిరి. 1987లో ఏడ్రియన్ డన్ మున్నగువారు అదే ప్రయోగమును మరల చేయగా ఆ పెరుగుదల కనబడలేదు. తెల్లకణములు విడుచు ఏసీటీహెచ్ స్వల్పమనియు, దూరమునున్న అడ్రినల్ గ్రంథిని నడపుటకు అది చాలదనియు పలువురు తలచిరి. ఆ కాలముననే మరియొక దారి గట్టిపడెను. మ్రింగుడు కణములు విడుచు ఇంటర్‌ల్యూకిన్-1 అను పదార్థము మెదడునకు చేరి అచట సీఆర్‌హెచ్‌ను విడిపించునని 1986, 1987 సంవత్సరములలో పలు ప్రయోగశాలలు చూపినవి. కణములు హార్మోనును తామే పంపకున్నను, హార్మోను పంపుడని మెదడునకు కబురు పంపగలవన్నమాట.

అంతమాత్రమున బ్లేలాక్ ఊహ వమ్ముకాలేదు. దాని పరిధి మారెను. కణములు తయారుచేయు హార్మోను దేహమంతటికి కాదు, చుట్టుపట్లనున్న ఇరుగుపొరుగు కణములకు అని అర్థమయ్యెను. 1994లో స్వీడను శాస్త్రజ్ఞులు లింఫోసైట్ కణములలో అడ్రినలిన్ కుటుంబమునకు చెందిన పదార్థములను కనుగొనిరి. 2004లో మాస్ట్ కణములు సీఆర్‌హెచ్‌ను తయారుచేసి విడుచుచున్నవని తేలెను. 2007లో మిచిగన్ విశ్వవిద్యాలయమువారు, ఎండోటాక్సిన్ తగిలిన మ్రింగుడు కణములు అడ్రినలిన్, నారడ్రినలిన్‌లను తామే తయారుచేసి విడుచుననియు, వానిని విచ్ఛిన్నము చేయు సాధనములును వానియందే ఉన్నవనియు నేచర్ పత్రికలో ప్రకటించిరి. ఆ విడుదలను అడ్డగించినచో ఊపిరితిత్తుల వాపు తగ్గెను. నూరేండ్లు ఒకే చిరునామాకు వ్రాసికొన్న ఉత్తరములు, ఆ ఇంటి యజమానికి శాఖలు అనేకములున్నవని తెలిసినట్లయినది.

మూడు కాలువలు కలిసిన చోటు

2004లో జపానులోని క్యూషూ విశ్వవిద్యాలయమున నొబుయుకి సుడో బృందము, రేనియర్స్ కాలమునుండి వచ్చుచున్న సూక్ష్మజీవిరహిత ఎలుకలను క్రొత్త ప్రశ్నకై ఉపయోగించెను. ఇరుకు గొట్టమున గంటసేపు కదలకుండ ఉంచినపుడు, సామాన్యమైన ఎలుకలకన్న ఈ ఎలుకల రక్తమున ఏసీటీహెచ్, కార్టికోస్టెరోన్ మిక్కిలి ఎక్కువగా పెరిగెను. బిఫిడోబాక్టీరియం అను ఒక్క జాతిని ప్రేగులలో ప్రవేశపెట్టగా ఆ అతివేగము తగ్గెను. రోగము కలిగించు ఈ.కోలై జాతిని ప్రవేశపెట్టగా పెరిగెను. ఇంకొక ముఖ్యాంశము కలదు. సామాన్య ఎలుకల ప్రేగుజీవులను పసితనముననే అందించినపుడు కొంత సరిపడినది గాని, ఎదిగిన పిమ్మట అందించినపుడు సరిపడలేదు. కలతకు ఎంత స్పందింపవలెనో దేహము నేర్చుకొనుటకు ఒక వయస్సు కలదనియు, ఆ పాఠశాలలో సూక్ష్మజీవులును ఉపాధ్యాయులే యనియు ఈ ప్రయోగము తెలిపెను.

ఇది జరుగు తీరు స్థూలముగా ఇట్టిది. మన దేహమున ఇంచుమించు 38 లక్షల కోట్ల బాక్టీరియాలున్నవని 2016లో వేసిన లెక్క. అన్నియు కలిపిన బరువు 200 గ్రాములు. వానిలో అత్యధికభాగము పెద్దప్రేగున నివసించును. వానికిని మన రక్తమునకును నడుమ ఒకే వరుస కణములు గల పలుచని పొరయు, దానిపై జిగురు పూతయు గోడగా నున్నవి. గోడకు ఈవల రక్షకకణములు దట్టముగా కాచుకొనియుండును. జీవులు పీచుపదార్థమును పులియబెట్టి చేయు బ్యూటిరేట్ వంటి ఆమ్లములు గోడకణములకు ఆహారమై గోడను గట్టిపరచును. రక్షకకణముల దూకుడును తగ్గించును. గోడ సడలినచో బాక్టీరియా గోడల ముక్కలు, అనగా ఆ ఎండోటాక్సిన్, ఈవలికి చొరబడును. రక్షకకణములపైనున్న టీఎల్‌ఆర్-4 అను గ్రాహకము దానిని పసికట్టును. ఇది ఎండోటాక్సిన్ గ్రాహకమని 1998లో నిరూపించిన బ్రూస్ బాయిట్లర్ 2011లో నోబెల్ బహుమతి పంచుకొనెను. ఆ పసికట్టుటతో కణములు ఒకప్రక్క ఇంటర్‌ల్యూకిన్లను పంపి మెదడును లేపును. మరియొక ప్రక్క తామే ఒత్తిడి రసములను విడుచును.

ఇది ఒంటిదారి కాదు, చక్రము. 2009లో మానసికముగా బాధించిన ఎలుకల చిన్నప్రేగులో ఇసినోఫిల్ కణములు సీఆర్‌హెచ్‌ను విడుచుటయు, అది మాస్ట్ కణములను రేపుటయు, ఆ కారణమున ప్రేగుగోడ సడలుటయు వెల్లడియైనవి. 2014లో బెల్జియములోని లూవెన్ విశ్వవిద్యాలయమువారు మనుష్యులయందు దీనిని పరీక్షించిరి. సభలో ఉపన్యసింపవలసివచ్చిన యువకులలో, కార్టిసాల్ పెరిగినవారికి చిన్నప్రేగు గోడ సడలినది. సీఆర్‌హెచ్ సూదిమందుగా ఇచ్చినను అట్లే జరిగినది. మాస్ట్ కణములను శాంతపరచు మందు ముందుగా ఇచ్చినచో సడలలేదు. గోడ సడలినపుడు బాక్టీరియా ముక్కలు చొరబడుట, అవి కణములను రేపుట, ఆ కణములు విడుచు రసము గోడను మరింత సడలించుట, ఇట్లు కలతయు కడుపును ఒకదాని నొకటి రెచ్చగొట్టుకొనగలవు.

సూక్ష్మజీవులును ఈ సంభాషణను ఊరక వినుచుండవు. నారడ్రినలిన్ తగిలినపుడు కొన్ని బాక్టీరియాలు మిక్కిలి వేగముగా పెరుగునని మార్క్ లైట్ 1992 నాటికి చూపి, దీనిని సూక్ష్మజీవుల హార్మోను శాస్త్రమని పిలువవలెనని 1993లో ప్రతిపాదించెను. 2013లో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బూర్గ్ పరిశోధకులు సూక్ష్మజీవులు కొరవడిన ఎలుకల ప్రేగుపొరయే కార్టికోస్టెరోన్‌ను మితిమీరి తయారుచేయుచున్నదని కనుగొనిరి. ఇరుగుపొరుగు మాటలు ఆగిపోయిన ఇంటిలో నిద్రపట్టని కావలివానివలె, ఆ పొర కారణము లేకయే కలతపడుచున్నదన్నమాట.

గృహస్థులు గ్రహింపదగినది

ఇంత చదివినవారికి, మంచి సూక్ష్మజీవులను మ్రింగినచో కలత తీరునుగదా అని తోచుట సహజము. అంగళ్లలోను ప్రకటనలలోను ఆ ఆశను అమ్ముచున్నవారును పెక్కురున్నారు. ఇచట చరిత్ర మనకు ఒక హెచ్చరిక చేయుచున్నది. 2011లో ఐర్లండు, కెనడా పరిశోధకులు ఒక లాక్టోబాసిల్లస్ జాతిని ఎలుకలకు తినిపింపగా, ఒత్తిడివేళ వాని కార్టికోస్టెరోన్ తగ్గెను. మెదడును కడుపును కలుపు వేగస్ నాడిని కోసినచో ఆ మేలు కనబడలేదు. లోకమంతయు సంతోషించెను. 2017లో అదే జీవిని 29 మంది ఆరోగ్యవంతులగు పురుషులకు ఇచ్చి చూచిరి: ఒత్తిడియందు గాని, హార్మోనుయందు గాని చెప్పదగిన మార్పు లేదు. ఎలుక విషయమున నిజమైనది మనుష్యుని విషయమున నిజము కావలెనను నియమము లేదు. పరిశోధకులు ఆ విఫలతను దాచక ప్రకటించిరి. గ్రీనేకర్ నివేదిక గతితో దీనిని పోల్చి చూడుడు. తొంబది సంవత్సరములలో శాస్త్రము నడవడి ఎంత మారినదో తెలియును.

అంతటితో నిరాశపడ పనిలేదు. 2020లో లూవెన్ వారే 66 మంది పురుషులపై, పీచు పులియుటవలన పుట్టు ఆమ్లములను పెద్దప్రేగునకు చేర్చి చూడగా, కొందరి ఎదుట పరీక్షకు నిలిచినపుడు వారి కార్టిసాల్ పెరుగుదల తక్కువగా నుండెను. ఈ ఆమ్లములను మన ప్రేగులలోని జీవులే ప్రతిదినము చేయుచున్నవి. వానికి కావలసిన ముడిసరుకు పప్పులలోను, ఆకుకూరలలోను, చిరుధాన్యములలోను ఉన్నది. ఇది వైద్యము కాదు. మనము పోషింపవలసినవారికి పెట్టు కూడు మాత్రమే. అట్లే, జలుబు చేసినంతమాత్రమున సూక్ష్మజీవులను చంపు మందులు సొంతముగా కొనిమ్రింగుట తగదు. అవసరమైనపుడు వైద్యుడిచ్చిన మందును మానుటయు తగదు. సుబ్బారావు వంటివారి శ్రమఫలమును గౌరవించుట అనగా దానిని అవసరమునకే వాడుట. మనోవ్యాధితో బాధపడువారిని నీ కడుపు శుభ్రముగా లేదు, అందులకే ఈ దిగులని నిందించుట అన్నిటికన్న తగనిది. ఆ మాట ట్రెంటనులో ఎంతమందిని బలిగొన్నదో పైన చూచితిమి.

సెల్యే 1936లో చూచిన మూడు మార్పులు, ఉబ్బిన గ్రంథి, కృశించిన రక్షణ, పుండుపడిన కడుపు, మూడు రోగములు కావు. ఒకే సంభాషణలోని మూడు గొంతులు. ఆ సంభాషణలో నాలుగవ గొంతు సూక్ష్మజీవులది. అది వినబడుటకు మనుష్యులకు డెబ్బది సంవత్సరములు పట్టినది. విన్నంతనే అర్థమైనదని తొందరపడినవారు లోగడ కత్తి పట్టిరి. నేడు సీసాలు పట్టుచున్నారు. ఓపికతో మరల మరల ప్రశ్నించినవారి వలననే మనకు తెలిసినది తెలిసినది. నీ కడుపు చల్లగా ఉండవలెనను మన దీవెనకు, ఆ ఓపిక క్రొత్త అర్థమును చేకూర్చినదని మా అభిప్రాయము.